ఒక దినపు శ్రమదానము – ఒక గొర్రెపిల్ల వెల

(యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది కూడికలలో మాట్లాడిన పెద్దలు నూరేండ్ల చరిత్ర వినిపించిరి. మేము ఒక్క దినపు సంగతి చెప్పుటకు నిలువబడితిమి. మేమనగా అనంతపురమునందలి యౌవనుల సహవాసములోని పదునలుగురము. మాలో ఇద్దరు బడిపంతుళ్ళు, ఒక నర్సు, ఒక బ్యాంకు ఉద్యోగి, తక్కినవారు అప్పటికి కాలేజీ విద్యార్థులు. ఎవరు నిలువబడినను ఇవే మాటలు చెప్పవలెనని అందరము కూర్చుండి అనుకొంటిమి గనుక ‘మేము’ అనియే చెప్పెదము. ఇందులో మమ్మును మేము పొగడుకొనునది ఏమియు లేదు. సిగ్గుపడవలసినది కొంత కలదు. దానిని దాచక చెప్పుటకే వచ్చితిమి.

అది 2019 జనవరి నెల. స్పెయిను దేశమునుండి ఒక యువకుడు, ఒక యువతి మా ఊరికి వచ్చియుండిరి. అనంతపురములో స్పెయిను వారు కనబడుట మనకు వింత కాదు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1952లో ఈ దేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అను సంస్థను స్థాపించిరి. 2009లో వారు కన్నుమూసిన తరువాత కూడ, ఆ పనిని చూచుటకు ఆ దేశస్థులు ప్రతి సంవత్సరము వచ్చుచునే యున్నారు. మేము చెప్పుచున్న ఇద్దరును అట్లు వచ్చినవారే. బత్తలపల్లి ఆసుపత్రి చూచిరి, బడులు చూచిరి. తిరుగు ప్రయాణమునకు ముందు ఒక శనివారము ఖాళీ దొరికినది. ఆ దినమున ఒక పల్లెలో తమ చేతులతో ఏదైన పని చేయవలెనని, వీలైతే ఈ సీమ అడవి జంతువులను చూడవలెనని వారి కోరిక. ఆ మాట విని మాకును ఉత్సాహము కలిగినది. నిజము చెప్పవలెనంటే, అనంతపురములో పుట్టి పెరిగిన మాలో చాలమంది అంతవరకు అడవిలో ఒక జింకనైనను చూచినవారు కాము.

మన జిల్లాలో అడవి ఎక్కడిది, జంతువులు ఎక్కడివి అని మీరు అడుగవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. ఇది కరువు సీమ. యేడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా మాత్రమే వాన కురియును. నైరృతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము బంగాళాఖాతము నుండి ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. 1876–78 నాటి ధాత కరువు కథలు మన ముత్తాతలు చెప్పగా తాతలు వినిరి, తాతలు చెప్పగా మేము వింటిమి. చెనక్కాయ పంట ఒక యేడు నిలిచి రెండేండ్లు ఎండుట మన కండ్లతో చూచుచున్నాము. ఎర్రటి నేల, నల్లటి గుండ్లు, నడుమ తంగేడు పొదలు – మన సీమ అనగా ఇంతే అని మా తలంపు.

అయితే చెన్నేకొత్తపల్లి, రొద్దము ప్రాంతపు కొండలలో వేరొక సంగతి జరిగినది. ఆ కొండలు రెవెన్యూ లెక్కలలో బంజరు. 1990 ప్రాంతమునకు అవి నిజముగనే బోడిగుండ్లుగా ఉండెను. చెట్టు కొట్టిరి, గడ్డి కాల్చిరి, వాన పడిన నీరు నిలువక పారిపోయెను. 1990లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థ ఆ దరిదాపులలో 32 ఎకరముల బీడు భూమి కొని, దానిని తిరిగి పచ్చగా చేయుటకు మొదలుపెట్టెను. కొద్దికాలమునకు ముష్టికోవెల గ్రామస్థులు ఆ సంస్థతో కలిసి తమ కొండను తామే కాచుకొనుటకు పూనుకొనిరి. చుట్టుప్రక్కల పల్లెలు ఒకటొకటిగా చేరినవి. చేసిన పని చిన్నది. విత్తనములు చల్లిరి, చెట్టు కొట్టనియ్యలేదు, గొడ్డును గొర్రెను క్రమముగా మేపిరి. అన్నిటికంటె ముఖ్యముగా, వేసవిలో మంటలు రాకుండ కాపలా కాచిరి. వేరులు నేలలో బ్రతికియే యుండెను గనుక గడ్డి లేచినది. వంకల ప్రక్కన ఈత చెట్లు లేచినవి. నేడు కల్పవల్లి అని పిలువబడు ఆ కొండలు ఎనిమిది తొమ్మిది వేల ఎకరముల వరకు ఉన్నవని చెప్పుదురు. గడ్డి వచ్చినందున జింక వచ్చెను, పండు వచ్చినందున ఎలుగుబంటి వచ్చెను. వాటి వెనుక చిరుతయు, తోడేలును వచ్చెను.

మాకు పరిచయమున్న ఒక పంతులుగారు ఆ కొండ అంచున ఉన్న ఒక పల్లె పెద్దలతో మాట్లాడి మా రాకను కుదిర్చిరి. మేము చేయవలసిన పని ఫైరు లైను. ఆ పల్లెవారును ఆ మాటే వాడుదురు. సంక్రాంతి దాటిన తరువాత కొండమీది బోదగడ్డి ఎండి నిప్పుకు సిద్ధముగా ఉండును. ఒక బీడీ తునక చాలును. కొత్త చిగురు త్వరగా వచ్చునని నిప్పు పెట్టువారును ఉందురు. అందుకని గడ్డి పూర్తిగా ఎండకమునుపే కొండకు అడ్డముగా మూడు నాలుగు బారల వెడల్పున గడ్డి కోసి, నేల చెక్కి, ఒక ఖాళీ బాట చేయుదురు. మంట అక్కడికి వచ్చి తినుటకు ఏమియు లేక ఆగిపోవును.

తెల్లవారుజామున నాలుగు గంటలకు వ్యానులో బయలుదేరితిమి. చలి గట్టిగా ఉండెను. పల్లె చేరుసరికి తూర్పు ఎర్రబడుచుండెను. ఊరి పెద్దాయన ఒకరు, ఒక ముసలవ్వ, ఇరువదిమంది ఆడవారు, మగవారు కొడవళ్ళతో, చెలికెలతో సిద్ధముగా ఉండిరి. అవ్వ మమ్మును పైనుండి క్రిందికి చూచి, “ఏమప్పా, ఈ బూట్లతో కొండెక్కుతారా, పెండ్లికి పోతారా?” అని నవ్వెను.

కొండ ఎక్కుచుండగానే పెద్దాయన నిలిచి కర్రతో నేల చూపిరి. అక్కడ ఒక కుప్ప పేడవంటిది ఉండెను. దాని నిండ రేగు గింజలు. “ఎలుగొడ్డు. రాత్రి పోయింది” అనిరి. మేము భయముతో నలుదిక్కులు చూచితిమి. ఆయన నవ్వి, “అది మాకు కూలి అడగని పనిమనిషి. పండు తింటుంది, ఇత్తనం నాటి పోతుంది” అనిరి. కొంత పైకి పోగా చెవులపిల్లి ఒకటి మా కాళ్ళ ముందునుండి దూకి పరుగెత్తెను. తరువాత, అవతలి మైదానములో జింకలు కనబడెను. పదునారు లెక్కపెట్టితిమి. వాటిలో ఒక్కటి మగది; వీపు నల్లగా, కడుపు తెల్లగా, మెలిదిరిగిన కొమ్ములతో తల ఎత్తి నిలిచియుండెను. మా అతిథులు ఊపిరి బిగబట్టి చూచిరి. ఈ కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువని మేము వారికి గర్వముగా చెప్పితిమి. మా వెనుకనున్న ఒక రైతు మాత్రము, “రాత్రి వీటికే మేము చేన్లో పండుకొనేది” అని మెల్లగా అనెను. ఆ మాట అప్పుడు మా చెవిని పడినది గాని మనస్సున పడలేదు.

పని మొదలుపెట్టిన అరగంటకే మా చేతులు బొబ్బలెక్కెను. బోదగడ్డి అంచు కత్తివలె కోయును. అవ్వ ఒక్కతె ఆరు అడుగులు ముందుకు పోవునంతలో మేము ముగ్గురము కలిసి నాలుగు అడుగులు పోయితిమి. మా అతిథులు చక్కగనే పని చేసిరి. ఆ యువకుడు కొడవలి పట్టిన తీరు చూచి పెద్దాయన, “ఈయన సేద్యగాళ్ళ ఇంటి బిడ్డే” అనిరి. విచారింపగా ఆయన తాత ఉత్తర స్పెయినులోని లియోన్ ప్రాంతములో గొర్రెలు కాచినవాడట.

మధ్యాహ్నము వంక ప్రక్కన ఈత చెట్ల నీడలో కూర్చుండి రాగి సంగటి, ఊరిబిండి తింటిమి. అతిథులకు కారమెక్కువై కండ్ల నీళ్ళు వచ్చినను రెండవసారి అడిగి వేయించుకొనిరి. వంకలో ఆ జనవరినాడు ఇంకను నీరు ఉండెను. పెద్దాయన చెప్పిరి: “నా చిన్నప్పుడు వానొచ్చిన మర్నాడే ఈ వంక ఎండేది. ఇప్పుడు గడ్డి నీళ్ళను పట్టి పెడుతుంది.” ఒక్క మాటలో కొండ చరిత్ర అంతయు చెప్పిరి.

సాయంత్రము నాలుగు గంటల వేళ, ఇంకను నూరు గజముల వరకు బాట మిగిలియుండగా, మాలో ఒకరు, “అదిగో!” అని కేక వేసిరి.

ఎదుటి గుట్ట వాలున, ఎండుగడ్డి రంగులోనే కలిసిపోయి, ఒక జంతువు అడ్డముగా నడచి పోవుచుండెను. కుక్కకంటె పొడుగైన కాళ్ళు, దించిన తల. ఒక్కసారి నిలిచి మావైపు చూచెను. తోడేలు! దాని నోటిలో ఏదో ఉండెను, కుందేలనుకొంటిమి. ఈ భారతదేశపు మైదాన తోడేళ్ళు మూడు వేల ప్రాంతము మాత్రమే మిగిలియుండవచ్చునని పరిశోధకులు అంచనా వేయుచున్నారు. అటువంటి దానిని మేము కండ్లార చూచితిమి. కొడవళ్ళు క్రింద పారవేసి కెమెరాలు తీసితిమి. ఆ యువతి కండ్ల వెంట నీరు కారెను. మేము ఒకరినొకరు కౌగిలించుకొంటిమి, చప్పట్లు కొట్టితిమి. పల్లెవారు మాత్రము మాతో కలిసి సంతోషింపలేదు. వారు వేరొక దిక్కు చూచుచుండిరి.

ఆ దిక్కునుండి ఒక మనిషి గొంగడి భుజమున వేసికొని పరుగున వచ్చుచుండెను. గొర్రెలకాపరి. వెనుక కుక్క. మా యొద్దకు వచ్చి, రొప్పుచు నిలిచి, మా చేతులలోని కెమెరాలు చూచెను. మా ముఖములు చూచెను.

“ఏం సార్, తోడేల్ని సూసినారా? బాగుందా?” అని అడిగెను.

మాలో ఒకరు, “చూచితిమి అన్నా, ఎంత బాగున్నదో!” అని ఇంకను ఆ ఉత్సాహములోనే చెప్పిరి.

“దాని నోట్లో ఏముందో సూసినారా?”

ఎవరును మాట్లాడలేదు. మా అతిథి తన కెమెరాలోని చిత్రమును పెద్దది చేసి చూచెను. మేమందరము వంగి చూచితిమి. అది కుందేలు కాదు. తెల్లని చిన్న కాళ్ళు రెండు వ్రేలాడుచుండెను.

“నెల పిల్ల. దాని తల్లి ఇంకా అరుస్తాంది పాండి, వినండి” అని కాపరి అనెను. మేము నిశ్శబ్దముగా నిలిచి వింటిమి. దూరముగా మందలో ఒక గొర్రె అరుపు వినవచ్చెను. సహోదరులారా, మేము చప్పట్లు కొట్టుచున్నంతసేపు ఆ అరుపు వినబడుచునే యుండెను. మేము వినలేదు.

మాలో కొందరు జేబులు తడవి డబ్బు పోగుచేసి ఆయన యెదుట పెట్టితిమి. ఆయన ముట్టలేదు. “దుడ్లు వద్దు సార్. ఈ పొద్దు మీరున్నారు గాబట్టి ఇస్తారు. రేపు పిల్ల పోతే ఎవురిస్తారు?” అనెను. ఆఫీసుకు పోయి నష్టపరిహారము అడుగరాదా అని మేము అడిగితిమి. “పోతే ఒక దినం కూలి పోతుంది. సచ్చినదాన్ని సూపీమంటారు. తోడేలు నాకు మిగిల్చి పోయిందా సూపిచ్చేకి?” అని నవ్వెను. ఆ నవ్వులో కోపము లేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

అప్పుడు మా అతిథి ఇంగ్లీషులో మాట్లాడగా మా పంతులు తెలుగు చేసిరి. తమ దేశములోను తోడేళ్ళు ఉన్నవని, తన తాత మందనుండియు అవి పిల్లలను ఎత్తుకొనిపోయెడివని, తాత తోడేలును తిట్టని దినము లేదని చెప్పెను. కాపరి ముఖము మారెను. “మీ సీమలోగూడా ఉన్నాయా? మరి ఏం చేస్తారు?” అని ఆసక్తితో అడిగెను. అక్కడ పెద్ద కాపలా కుక్కలను పెంచుదురని, తోడేలు గొంతు పట్టకుండ వాటి మెడకు ఇనుప ముండ్ల పట్టీలు కట్టుదురని అతిథి చెప్పెను. కాపరి తన కుక్క మెడ తడిమి ఆలోచించెను. ఇద్దరును నేలమీద కూర్చుండి, వ్రేలితో పట్టీ బొమ్మ గీచికొని, ఒకరి భాష ఒకరికి రాకపోయినను చాలసేపు మాట్లాడుకొనిరి. ఆ దినమున మేము చూచిన వింతలలో అది కూడ ఒకటి.

“తోడేళ్ళు లేకుండ పోవలెనని నీకు లేదా అన్నా?” అని మేము అడిగితిమి. ఆయన కొండవైపు చూచి, “గడ్డి ఉంది గాబట్టి గొర్రె ఉంది. గడ్డి ఉంది గాబట్టే అదీ ఉంది. గడ్డి పోతే మేమిద్దరమూ పోతాం” అనెను. తరువాత మావైపు తిరిగి, “నాకేమన్నా ఇయ్యాలనుంటే శివరాత్రి లోపల మళ్ళా రాండి. ఈ మిగిలిన బాట చెక్కి పోండి. అగ్గి పడితే ఒక్క పిల్ల గాదు, మందంతా పోయినట్లే” అనెను.

వచ్చెదమని మేమందరము మాట ఇచ్చితిమి. చీకటి పడుచుండెను. ఆ నూరు గజములు అట్లే విడిచి కొండ దిగితిమి.

మరునాడు అతిథులను బెంగుళూరు విమానాశ్రయమునకు సాగనంపుచు, దారిలో చిలమత్తూరు ప్రక్కనున్న వీరాపురము చూపితిమి. ఆ ఊరి చింతచెట్ల మీద ప్రతి సంవత్సరము పెద్ద కొంగలు వచ్చి గూళ్ళు కట్టి పిల్లలను లేపును. పసుపు ముక్కు, నారింజ రంగు తల, తోక దగ్గర గులాబి రంగు ఈకలు. అప్పుడప్పుడే కొన్ని దిగుచుండెను. ఇవి సైబీరియా నుండి వచ్చినవని మనలో చాలమంది చెప్పుదురు, పత్రికలును వ్రాయును. అది నిజము కాదు. ఈ కొంగలు మన దేశములోనివే. నీరు, చేప ఉన్న చోటు వెదకుకొనుచు ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు తిరుగుచుండును. ఆ ఊరివారు ఇండ్ల ముందర రెట్టల వాసన భరింతురు, గూటినుండి జారిపడిన చేపల కంపు భరింతురు. అయినను కొంగకు రాయి తగులనియ్యరు. వ్యానులో తిరిగి వచ్చుచు మేము అనుకొంటిమి: మన సొంత పక్షిని విదేశీయని చెప్పి వింతగా చూచుచున్నాము. దానిని భరించు పల్లెను చూచుట లేదు.

ఇంతవరకు మా కథ వినుటకు బాగున్నది. ఇక మిగిలినది చెప్పవలెను.

ఫిబ్రవరి వచ్చెను. మొదటి శనివారము మా సహవాసములో ఒక పెండ్లి. రెండవ శనివారము విద్యార్థులకు పరీక్షల సిద్ధపాటు. మూడవ వారము వ్యాను దొరకలేదు. తరువాత శివరాత్రి దాటెను, శ్రమదినముల కూడికలు మొదలాయెను. తోడేలు చిత్రమును మాత్రము మేము మరువలేదు. దానిని పెద్దది చేయించి మా కూడిక గదిలో గోడకు తగిలించితిమి. వచ్చినవారికెల్ల చూపితిమి. దాని నోటిలో ఏమున్నదో చెప్పితిమి గాని, మేము ఇచ్చిన మాట సంగతి ఎవరికిని చెప్పలేదు.

మార్చి మూడవ వారములో పంతులుగారు ఫోను చేసిరి. కొండ కాలినది.

మరునాడు పోయితిమి. ఈసారి ఎవరును బూట్లను గూర్చి నవ్వలేదు. నేల నల్లగా, వెచ్చగా ఉండెను. ఈతచెట్ల మొవ్వులు మాడి వ్రేలాడుచుండెను. పల్లెవారు రాత్రంతయు పచ్చి కొమ్మలతో కొట్టి, నీటి బిందెలు మోసి, మంటను వంక యొద్ద నిలిపిరట. మేము బాట చెక్కినంత మేర మంట ఇవతలికి రాలేదు. ఒక ప్రక్క బూడిద, ఒక ప్రక్క గడ్డి. నడుమ మేము చేసిన బాట గీత గీచినట్లు ఉండెను. పెద్దాయన ఏమియు అనక ముందుకు నడిచి ఒకచోట నిలిచిరి. అక్కడ రెండు ప్రక్కలను బూడిదయే. అది మేము విడిచిన నూరు గజములు. ఆ దినములలో ఊరివారికి చెనక్కాయ నష్టము, వలస, కూలిపనులు. చేతులు చాలక, మేము వచ్చెదమన్న మాట నమ్మి, ఆ ముక్కను మాకే విడిచిరి.

ఆయన మమ్మును ఒక్క మాట అనలేదు. అవ్వ మాత్రము, “సూసేదానికి వచ్చినారా అప్పా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు మా యొద్ద జవాబు లేకపోయెను. ఆ కాపరిని అడిగితిమి. మేత కాలిపోయినందున మంద తోలుకొని దక్షిణముగా పోయెనని, వానలు పడిన తరువాతనే వచ్చునని చెప్పిరి.

ఆ రాత్రి మేము గోడమీది చిత్రమును దించితిమి.

సహోదరీ సహోదరులారా, కొండ మరల పచ్చబడినది. గడ్డికి వేరు లోతు. ఈత చెట్లును చాలవరకు చిగిర్చినవి. 2020 జనవరిలో మేము మరల పోయితిమి, అవ్వ వెంట నడచి బాట పూర్తిచేసి వచ్చితిమి. ఆ మరుసటి సంవత్సరము కోవిడ్ భయమున నలుగురమే పోయితిమి. అటుపిమ్మట జనవరి చివరి రెండు శనివారములు ఆ పల్లెకే అని మా సహవాసపు పట్టికలో వ్రాసికొంటిమి. పెండ్లియైనను ఆ దినమున పెట్టుకొనరాదని మాలో మాకు కట్టుబాటు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ఆ పల్లె శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మా శనివారములు మారలేదు.

కాపరి మరుసటి యేడు కనబడెను. కుక్క మెడకు తోలుపట్టీ, దానికి మొలలు. ఊరి కమ్మరి చేత చేయించెనట. మేము కూడిక గదిలో ఒక చిన్న పెట్టె పెట్టితిమనియు, ఇకమీదట తోడేలు పిల్లను ఎత్తుకొనిపోయిన కబురు పంపినయెడల సగము వెల మేము భరించెదమనియు చెప్పితిమి. తీసికొనునో తీసికొనడో అని సందేహించితిమి. ఆయన ఆలోచించి, “ఇది దానమైతే వద్దు. సినిమాకి టిక్కెట్టు ఉంది గదా. తోడేల్ని సూసినదానికి టిక్కెట్టు అనుకొని తీసుకొంటా” అనెను. ఇంతవరకు ఆయనయు, ఆయన తోడి కాపరులును కలిసి ఐదుమారులు కబురు పంపిరి. ఒక్కమారును లేనిది చెప్పలేదు.

మా అతిథియు ఉత్తరములు వ్రాయుచున్నాడు. 2021లో స్పెయిను ప్రభుత్వము దేశమంతట తోడేలు వేటను నిషేధించినదని, పట్టణములవారు సంతోషించిరని, ఉత్తరపు కాపరులు కోపించిరని వ్రాసెను. 2025లో డ్యూరో నదికి ఉత్తరమున ఆ నిషేధమును సడలించిరి; ఈసారి వీరు సంతోషించిరి, వారు కోపించిరి. చూచువాడొకడు, నష్టపోవువాడొకడు అయినంతవరకు ఏ చట్టమైనను ఇట్లే ఊగుచుండునేమో అని అతడు వ్రాసెను. మన దేశములోను తోడేలును 1972 నాటి వన్యప్రాణి చట్టము కాపాడుచున్నది. చట్టము తుపాకిని ఆపగలదు. పోయిన పిల్లకై అరచు తల్లి గొర్రె యొద్ద నిలువబడుట చట్టమునకు చేతకాదు. అది మనుష్యులు చేయవలసిన పని.

ఇప్పుడు మన డయాసిస్‌లోని యౌవనులకు మా మనవి. ఒక దినపు సేవకు పోవద్దని మేము చెప్పుట లేదు. తప్పక పోవుడి. పల్లె చూడుడి, చెమటోడ్చుడి, అడవి జంతువు కనబడిన సంతోషింపుడి. అంత అందమైనదానిని చూచి సంతోషింపకపోవుట కూడ తప్పే. అయితే మూడు సంగతులు మరువవద్దు. మొదటిది, మీరు వెళ్ళుచున్నది మీకు పని నేర్పువారి యొద్దకు. వారికి మీరు నేర్పునది బహు కొద్ది. రెండవది, మీరు చూచి ఆనందించుచున్న దాని ఖర్చు ఎవరు భరించుచున్నారో అక్కడనే అడిగి తెలిసికొనుడి. మూడవది, మరల వచ్చెదమని చెప్పినయెడల రండి. రాలేనియెడల ఆ మాట చెప్పకుడి. మీరు విడిచిన నూరు గజములను ఎవరో నమ్మి మీకొరకే విడిచియుందురు.

గత జనవరిలో బాట చెక్కుచుండగా అవ్వ మాలో ఒక అమ్మాయి చేయి పట్టుకొని అరచేయి త్రిప్పి చూచెను. అక్కడ గట్టిపడిన చర్మము మీద వ్రేలు పెట్టి, “ఇప్పుడు మా పిల్లవైనావు పాపా” అనెను. ఆ మాట విన్న దినమున కొండమీద తోడేలు కనబడలేదు, జింకయు కనబడలేదు. ఏదియు చూడలేదను కొరత మాలో ఎవరికిని కలుగలేదు.